పెరిగోర్ సంతలు, పల్లెలు

ఫ్రాన్సు దేశానికి నైరుతి దిక్కున, దోర్దోన్యు నది వంపులు తిరుగుతూ పారే కొండనేలకు పెరిగోర్ అని పాతపేరు. ఫ్రెంచి విప్లవం వచ్చాక 1790లో పాత సంస్థానాలను రద్దుచేసి దేశాన్ని కొత్త జిల్లాలుగా విడదీసినప్పుడు ఈ నేలకు నది పేరు పెట్టి దోర్దోన్యు జిల్లా అన్నారు. దస్తావేజుల్లో ఆ పేరే నడుస్తోంది. జనం నోట మాత్రం ఇప్పటికీ పెరిగోరే. విస్తీర్ణం సుమారు 9,060 చదరపు కిలోమీటర్లు, జనాభా 4 లక్షల 13 వేల దరిదాపు. 1851లో ఇక్కడ 5 లక్షల పైచిలుకు జనం ఉండేవారు. ఆ తర్వాత బతుకుతెరువు కోసం వలసలు సాగాయి, మొదటి ప్రపంచయుద్ధం పడుచువాళ్ళను మింగేసింది, పెద్ద కర్మాగారాలు ఈ దిక్కుకు రాలేదు. పాత రాతి ఇళ్ళు, ఓక్ అడవులు, వారపు సంతలు చెక్కుచెదరకుండా మిగిలాయంటే దానికి చాలావరకు ఆ పేదరికమే కారణం. నేటి యాత్రికుడు చూసి మురిసిపోయే అందం వెనక ఊళ్ళు ఖాళీ అయిన కథ ఉంది.

యాత్రికులు సాధారణంగా గుహల పేర్లు, కోటల పేర్లు రాసుకుని వస్తారు. దారిలో సంత ఎదురైతే కాసేపు ఆగుతారు. ఈ వరసను తిరగేస్తేనే పెరిగోర్ సరిగ్గా అర్థమవుతుంది. ఇక్కడ పేరున్న ఊళ్ళు అనేకం సంత కోసం కట్టినవే. ఊరి నడుమ చదరపు బజారు, దాని చుట్టూ కమానుల వసారాలు, మధ్యన కొయ్య స్తంభాల మీద నిలిచిన సంతచావడి, అన్నీ క్రయవిక్రయాలను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. మామూలు రోజున వెళితే అది అందమైన ఖాళీ చావడి. సంత రోజున వెళితే దానికి ఆ కొలతలు ఎందుకొచ్చాయో కళ్ళముందే తెలుస్తుంది.

నేల తీరు

పెరిగోర్‌ను నాలుగు రంగులుగా చెప్పుకోవడం వాడుక. ఉత్తరాన అడవులు, పచ్చికబయళ్ళు ఉన్నది ఆకుపచ్చ పెరిగోర్. నడుమ జిల్లాకేంద్రం పెరిగ్యూ చుట్టూ సున్నపురాయి పైకి తేలిన నేల తెల్ల పెరిగోర్. నైరుతిన బెర్జెరాక్ ద్రాక్షతోటల వైపు ఊదా పెరిగోర్. ఆగ్నేయాన సార్లా చుట్టూ ముదురు ఓక్ అడవులు కమ్మినది నల్ల పెరిగోర్. నల్ల అనే మాట మట్టిలో పెరిగే త్రూఫ్ అనే నల్ల శిలీంధ్రపు గడ్డల వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ అది ఆ అడవుల నీడ రంగు. యాత్రికుల రద్దీ ఎక్కువగా ఈ నాలుగోదానిలోనే. కింద సున్నపురాయి ఉండబట్టే గుహలు తొలిచినట్టు ఏర్పడ్డాయి, ఇళ్ళకు తేనెరంగు రాయి దొరికింది, ఓక్ వేళ్ళ దగ్గర త్రూఫ్ పెరిగింది.

సంత కోసం పుట్టిన ఊళ్ళు

13వ శతాబ్దిలో ఈ ప్రాంతం రెండు రాజ్యాల సరిహద్దు. ఇంగ్లండు రాజులు అక్వితేన్ ప్రభువులుగా ఒక పక్క, ఫ్రాన్సు రాజులు ఇంకో పక్క. ఇద్దరికీ కావలసింది జనం, పన్ను, పట్టు. అందుకు ఇద్దరూ ఒకే ఉపాయం పట్టారు. అడవి కొట్టించి, గళ్ళు గీసినట్టు వీధులు వేసి, కొత్త ఊరు కట్టడం. అలాంటి ఊరిని బస్తీద్ అంటారు. 1222 నుంచి 1373 దాకా నైరుతి ఫ్రాన్సులో మూడు వందలకు పైగా బస్తీద్‌లు లేచాయి. వచ్చి కాపురముండే కుటుంబానికి సమానమైన ఇంటిస్థలం, ఊరి బయట పెరడు, దొర వెట్టి నుంచి విముక్తి, ఇవన్నీ శాసనపత్రంలో రాసి ఇచ్చేవారు. ఫలానా వారం సంత జరుపుకునే హక్కు కూడా ఆ పత్రంలోనే ఉండేది. సంత సాగితే ఆశీలు వస్తుంది, ఆశీలు వస్తే ఖజానా నిండుతుంది. కోట కట్టడం కంటే సంత పెట్టడమే సరిహద్దును గట్టిచేస్తుందని ఆ రాజులు గ్రహించారనిపిస్తుంది. ఎమె ఊరిని 1270లో ఫ్రెంచి రాజవంశీకుడు అల్ఫోన్స్ ద పొయ్‌తియే స్థాపించాడు. దోమ్‌ను 1281లో మూడో ఫిలిప్ స్థాపించాడు. మోంపాజియేను 1284లో ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డ్ కట్టించాడు.

బస్తీద్ అంటే ఏమిటో ఒక్క ఊరిలో చూడాలంటే మోంపాజియేకే వెళ్ళాలి. ఊరి కొలత సుమారు 400 మీటర్లు పొడవు, 220 మీటర్లు వెడల్పు. గళ్ళ వీధులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఇంటికీ ఇంటికీ నడుమ మనిషి దూరడానికి కూడా చాలని సన్నసందు వదిలారు. ఒక ఇంటికి నిప్పంటుకుంటే పక్కింటికి పాకకుండా అది అడ్డు, వాననీరూ మురుగూ పోవడానికి దారి. బజారు చుట్టూ ఇళ్ళ పై అంతస్తులు ముందుకు సాగి, కింద కమానుల వసారాలు నీడనిస్తాయి. వానైనా ఎండైనా బేరం ఆగకూడదన్నది ఆ ఏర్పాటు. బజారుకు ఒక వార చావడి. దాని దూలాలు, స్తంభాలు చెస్ట్‌నట్ కొయ్యతో చేసినవి. చావడిలో పాతకాలపు ధాన్యపు కొలపాత్రలు ఇంకా ఉన్నాయి. మన కుంచం, అడ్డ, మానిక లాగానే ఒక్కొక్కటి ఒక్కో కొలత. అమ్మేవాడి కొలత, కొనేవాడి కొలత అనే తగువు లేకుండా ఊరందరికీ ఒకటే కొలత నిలబెట్టిన చోటు అది. ఆ పాత్రల పక్కన నిలబడి గురువారం సంత చూస్తే, ఏడు వందల ఏళ్ళ కిందట రాసిన పత్రం ఇప్పటికీ అమల్లో ఉన్నట్టే ఉంటుంది.

ఆ బజారుకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. పన్నుల భారం మోయలేక తిరగబడిన క్రోకాన్లు అనే రైతుల నాయకుల్లో బుఫారో అనేవాణ్ణి 1637లో ఈ చదరంలోనే చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. జనం గుమిగూడే చోటనే శిక్ష అమలు చేయడం ఆనాటి పద్ధతి. బెల్వేస్ ఊళ్ళో 15వ శతాబ్ది నాటి సంతచావడి స్తంభాల్లో ఒకదానికి నేరస్థులను కట్టేసిన గొలుసు ఇప్పటికీ వేలాడుతోంది. శనివారం సంతలో ఆ స్తంభం పక్కనే కూరలమ్ముతారు. అదే ఊరి నడిబజారు కింద రాయి తొలిచిన గదుల్లో 18వ శతాబ్ది దాకా పేదల కాపురాలుండేవి. వాటిని చూడనిస్తారు. దోమ్‌లో చావడి నుంచే గుహలోకి మెట్లు దిగుతాయి. యుద్ధాల్లో ఊరి జనం తలదాచుకున్న గుహ అది. దోమ్ కోటద్వారం బురుజుల్లో 1307 తర్వాత ఖైదైన టెంప్లర్ అనే క్రైస్తవ యోధులు గోడల మీద గీసుకున్నవని చెప్పే శిలువలు, బొమ్మలు మిగిలాయి. ఊరి అంచున నిలబడితే నది లోయంతా కిందికి పరుచుకుని కనిపిస్తుంది.

వారానికో ఊరు

సంతకు వారం పేరు పెట్టి పిలవడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాంలో మంగళవారం సంత పేరుపడినదే. పెరిగోర్‌లోనూ వారాలే గుర్తు. మంగళవారం లె బ్యూగ్. బుధవారం సార్లా, పెరిగ్యూ, బెర్జెరాక్, లాస్కో గుహ పక్కనున్న మోంతిన్యాక్. గురువారం దోమ్, మోంపాజియే, ఎమె. శుక్రవారం బ్రాంతోమ్, రిబెరాక్. శనివారం మళ్ళీ సార్లా, పెరిగ్యూ, బెర్జెరాక్, వాటితో పాటు బెల్వేస్, తివియే. ఆదివారం ఇసిజాక్, సెన్ సిప్రియాన్. తిరుగుడు వ్యాపారి ఒకడే సరుకుతో వారంలో మూడు నాలుగు ఊళ్ళు చుట్టడానికి వీలుగా ఈ వరస కుదిరింది. ఒక్కరోజే చేతిలో ఉంటే, ఇసిజాక్ ఆదివారపు సంతకు సాటి వచ్చేది ఈ వ్యాసకర్త ఎరుకలో లేదు. ఊరు గుండ్రం, వీధులు నత్తగుల్ల చుట్టలా లోపలికి తిరుగుతాయి, ఆ వీధులన్నీ సంతే అయిపోతాయి.

సంత నడిపే అధికారం ఊరి పురపాలక సంఘానిది. కొత్త సంత పెట్టాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా వ్యాపారుల సంఘాలను సంప్రదించాలని చట్టం. దుకాణం ఆక్రమించిన పొడవును మీటర్లలో కొలిచి ఆశీలు వసూలు చేస్తారు. ఆ పనికి ప్లాసియే అనే ఉద్యోగి ఉంటాడు. ఏడాది పొడవునా వచ్చేవాళ్ళకు చోటు ఖాయం. అప్పటికప్పుడు వచ్చినవాళ్ళు పొద్దున్నే అతని ముందు నిలబడితే, ఆ రోజు రానివాళ్ళ ఖాళీలు పంచుతాడు. ఎవరిని ఎవరి పక్కన నిలపాలో, చేపల బండిని ఏ నీడన పెట్టాలో తెలిసినవాడు అతనే.

కొనేవాళ్ళు తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. సంతలో కొందరు తాము పండించినదే అమ్మే రైతులు, కొందరు టోకున కొని తెచ్చి అమ్మే మారుబేరగాళ్ళు. రైతు బల్ల మీద ప్రొద్యుక్త్యోర్ అని పలక ఉంటుంది. సరుకూ చెప్పకుండానే చెబుతుంది. మే నెలలో ఒక బల్ల మీద నాలుగు రకాలే, అవీ మట్టి అంటుకుని, సైజులు కలిసిపోయి ఉంటే అది తోట నుంచి వచ్చింది. మామిడి నుంచి కివీ దాకా అన్నీ నిగనిగలాడుతుంటే అది టోకు మార్కెట్టు నుంచి వచ్చింది. పండ్లకూ కూరగాయలకూ ఎక్కడ పండిందో పలక మీద రాయడం తప్పనిసరి కాబట్టి మోసానికి తావు తక్కువ. వ్యవసాయ మండలులు నడిపే మార్షే దే ప్రొద్యుక్త్యోర్ ద పేయి అనే సంతల్లో మారుబేరగాళ్ళకు చోటే లేదు.

తిండి సరుకుల మీద బేరమాడరు. ముందు బోంజూర్ అని పలకరించాలి. ఆ ఒక్క మాట లేకుండా ధర అడగడం అక్కడ పెద్ద అమర్యాద. పండు పిసికి చూడకూడదు. పుచ్చపండంత లేని, గుండ్రటి ఖర్బూజా కొనబోతే అమ్మే పెద్దావిడ మిమ్మల్నే అడుగుతుంది: ఈ పూటకా, రేపటికా, ఎల్లుండికా అని. జవాబు విని, బుట్టలోంచి ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, బరువు అంచనా కట్టి, తొడిమ దగ్గర పగులు ఎంత వచ్చిందో బొటనవేలితో తడిమి, వాసన చూసి, ఒకటి ఎంచి కాగితంలో చుట్టి ఇస్తుంది. సాయంత్రానికి అన్నది సాయంత్రానికే సరిగ్గా పండి ఉంటుంది. ఎంచుకునే హక్కు వదులుకున్నామని బాధపడక్కర్లేదు, ఎంచే విద్య ఆమెది.

సంత ఎనిమిదింటికి ఊపందుకుంటుంది. పన్నెండున్నరకు బల్లలు మడవడం మొదలు, ఒంటిగంటకు వీధి కడిగేస్తారు. పదకొండు తర్వాత వెళ్ళినవాళ్ళకు మంచి రొట్టె దొరకదు.

సార్లా

సార్లా జనాభా పదివేలలోపు. కానీ మధ్యయుగపు, పునరుజ్జీవన కాలపు కట్టడాలు ఇంత దట్టంగా నిలిచిన ఊరు ఫ్రాన్సులో అరుదు. 1530లో ఇక్కడే పుట్టిన ఎత్యెన్ ద లా బొయెసీ, ప్రజలు తమంతట తామే నిరంకుశుడికి ఎందుకు లొంగిపోతారని ప్రశ్నించిన రచయిత, వ్యాసరచయిత మోంతేన్‌కు ప్రాణస్నేహితుడు. ఆయన పుట్టిన ఇల్లు చెక్కడపు కిటికీలతో ఇంకా ఉంది. 19వ శతాబ్దిలో ఊరిని రెండు చెక్కలు చేస్తూ ఒక తిన్నని వీధి కొట్టారు. మిగతా సందులు పేదరికంలో పాడుబడుతూ ఉండిపోయాయి. 1962లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో పేరుతో వచ్చిన చట్టం పాతబస్తీలను కూల్చకుండా మొత్తంగా కాపాడే వీలు కల్పించింది. ఆ చట్టం కింద ముందుగా బాగుపడిన ఊళ్ళలో సార్లా ఒకటి.

శనివారం నాడు ఆ సందులన్నీ సంత అవుతాయి. బజారులో ఒక వీధి కూడలికి పెద్దబాతుల బజారు అని పేరు. ఒకప్పుడు పెద్దబాతులను తోలుకొచ్చి అమ్మింది అక్కడే. ఇప్పుడు మూడు కంచు బాతులు నిలబడి ఉంటాయి, పిల్లలు ఎక్కి ఎక్కి వాటి వీపులు మెరుస్తున్నాయి. అన్నిటికంటే ముందు చూడవలసింది సెంత్ మరీ గుడి. విప్లవం తర్వాత ప్రార్థనలు ఆగిపోయి, కొంత కూలగొట్టగా మొండిగా మిగిలిన ఆ గుడిని కప్పు కింద నడిచే సంతగా మార్చే పని వాస్తుశిల్పి జాఁ నువేల్‌కు అప్పగించారు. ఆయన బాల్యం సార్లాలోనే గడిచింది. 2008లో వాస్తుశిల్ప రంగపు అత్యున్నత పురస్కారం ప్రిట్స్‌కర్ అందుకున్నాడు. 2001లో తెరిచిన ఈ సంతగుడికి ఆయన పెట్టినవి రెండు ఉక్కు తలుపులు. ఒక్కోటి 15 మీటర్ల ఎత్తు, 7 టన్నుల బరువు. కొత్త తలుపులు పాతరాయిని అనుకరించవు, దాన్ని దాచవు. పొద్దున అవి తెరుచుకుని లోపల జున్ను, రొట్టె, ఎండు మాంసం బల్లలు కనిపిస్తే, ఆ ఎత్తైన గుడికి మళ్ళీ పని దొరికిందన్న తృప్తి కలుగుతుంది. గంటగోపురంలో అద్దాల లిఫ్టు ఊరి రాతికప్పుల పైకి తీసుకెళుతుంది. ఆ పలకరాళ్ళ కప్పులు నిటారుగా వాలి ఉంటాయి, వాటి బరువు మోయడానికే దూలాలు అంత దట్టంగా వేస్తారు.

త్రూఫ్ సంత

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెరిగోర్‌లో ఇంకో రకం సంత నడుస్తుంది. సరుకు ఒకటే: నల్ల త్రూఫ్. ఓక్, హేజెల్ చెట్ల వేళ్ళతో కలిసి మట్టిలోపల పెరిగే శిలీంధ్రపు గడ్డ ఇది. త్రూఫ్ పట్టిన చెట్టు చుట్టూ గడ్డి మాడిపోయి నేల కాలినట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు పందులను తోలుకెళ్ళి వాసన పట్టించేవారు. పందికి త్రూఫ్ అంటే ప్రాణం కాబట్టి దాని నోట్లోంచి లాక్కోవడం పెద్ద పని. కుక్క మాత్రం చిన్న బిస్కత్తు ముక్కకే సంతోషిస్తుంది, అందుకే ఇప్పుడు దాదాపు అందరూ కుక్కలనే వాడతారు. కొందరు ముసలివాళ్ళకు ఇంకో పద్ధతి తెలుసు. ఎండ ఉన్న పొద్దున, కర్రతో గడ్డిని మెల్లగా కదుపుతూ నడిస్తే, పండిన త్రూఫ్ పైన గుడ్లు పెట్టే ఒక రకం ఈగ లేస్తుంది. అది లేచిన చోట తవ్వాలి.

19వ శతాబ్ది రెండోభాగంలో ఫిలోక్సెరా పురుగు ద్రాక్షతోటలను నాశనం చేసింది. చచ్చిన తోటల్లో రైతులు ఓక్ మొక్కలు నాటారు. ఆ శతాబ్ది చివరికి ఫ్రాన్సులో త్రూఫ్ దిగుబడి వెయ్యి టన్నుల దాకా వెళ్ళిందని అంచనా. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చి తోట చూసేవాళ్ళు పోయారు, అడవి మూసుకుపోయింది. త్రూఫుకు గాలి, వెలుతురు తగిలే పలచని చెట్లు కావాలి. ఇప్పుడు దేశం మొత్తం మీద కొన్ని పదుల టన్నులే వస్తోంది. 1970లలో శాస్త్రవేత్తలు వేళ్ళకు శిలీంధ్రం ముందే అంటించిన మొక్కలు తయారుచేశారు. అవి లేకపోతే ఈ మాత్రమూ ఉండేది కాదు. కిలో ధర ఏటేటా మారుతుంది, మంచి సరుకు వందల యూరోలు పలుకుతుంది, కరువు ఏడాదిలో వెయ్యి దాటుతుంది.

సెంత్ అల్వేర్ ఊళ్ళో సోమవారం పొద్దున జరిగే త్రూఫ్ సంత దగ్గరగా చూడదగినది. అమ్మకానికి ముందే ప్రతి గడ్డా పరీక్షకుల చేతికి వెళుతుంది. కడిగి, కుంచెతో మట్టి దులిపి, చిన్న కత్తితో గోటంత పొర గీస్తారు. లోపల ముదురు నలుపులో సన్నని తెల్ల ఈనెలు అల్లుకుని ఉంటే అసలు పెరిగోర్ త్రూఫ్. ఈనెలు లావుగా, పలచగా ఉంటే తక్కువ జాతి. చైనా నుంచి వచ్చే త్రూఫ్ పైకి ఒకేలా ఉంటుంది, వాసన ఉండదు, దాన్ని అసలుదానితో కలిపి అమ్మే మోసం ఉండబట్టే ఈ కత్తిగాటు. గాటు లేని గడ్డను జాగ్రత్తగా చూడాలి. తర్వాత జాతిని బట్టి, ఆకారాన్ని బట్టి తరగతులు చేసి బల్ల మీద పెడతారు. సంత చిన్న గదిలో జరుగుతుంది, వాసన మాత్రం వీధి చివరిదాకా వస్తుంది: తడిమట్టి, అడవి ఆకులు, ఎక్కడో కాస్త వెల్లుల్లి. సోర్జ్ ఊళ్ళో త్రూఫుల కోసమే ఒక ప్రదర్శనశాల ఉంది. పక్క జిల్లా లోత్‌లో లాల్బెంక్ ఊరి మంగళవారం సంత ఇంకో తీరు. రైతులు వీధి వెంట బల్లల మీద బుట్టలు పెట్టుకుని వరసగా నిలబడతారు, ఈల మోగేదాకా ఎవరూ కొనడానికి వీల్లేదు. మోగాక కొన్ని నిమిషాల్లో బుట్టలు చేతులు మారిపోతాయి.

బాతు, అక్రోటు, స్ట్రాబెర్రీ

చలికాలపు సంతల్లో త్రూఫుకు తోడు బాతు. నవంబరు నుంచి మార్చి దాకా పెరిగ్యూ, సార్లా వంటి ఊళ్ళలో మార్షే ఓ గ్రా అనే బాతుల సంత ప్రత్యేకంగా పెడతారు. బాతు కార్జం, కార్జం తీసి ఎముకల గూడు విడదీసిన మాంసం, మెడ, కందనకాయ, కొవ్వు, ఏదీ వదలరు. ఆ విడదీసిన మాంసాన్ని పాల్తో, అంటే కోటు అంటారు. కొవ్వులో నెమ్మదిగా ఉడికించి, అదే కొవ్వులో నిలవచేసిన మాంసం కొన్‌ఫీ, ఫ్రిజ్జులు లేని కాలపు ఊరగాయ అనుకోవచ్చు. కార్జం పెరగడానికి చివరి రోజుల్లో బాతులకు గొట్టంతో మొక్కజొన్న బలవంతాన తినిపిస్తారు. పక్షికి అది బాధే. చాలా దేశాలు ఆ పద్ధతిని నిషేధించాయి, భారత ప్రభుత్వం 2014లో ఫ్వా గ్రా అనే ఈ కార్జం దిగుమతినే ఆపేసింది. ఫ్రాన్సు మాత్రం 2006లో దాన్ని తమ ఆహార వారసత్వంగా చట్టంలో రాసుకుంది. తరతరాలుగా దాని మీదే బతికిన చిన్న రైతులున్నారన్నది నిజమే, అయినా సంతలో ఆ బల్ల ముందు ఆగినవాళ్ళు ఈ సంగతి తెలిసే ఆగాలి. ఇటీవలి బర్డ్‌ఫ్లూ ఈ రైతులను గట్టిగా దెబ్బతీసింది. 2023 అక్టోబరు నుంచి ఫ్రాన్సు బాతులకు టీకా తప్పనిసరి చేసింది.

అక్రోటుకు ఇక్కడ పాత మర్యాద. పెరిగోర్ అక్రోటుకు 2002లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫ్రాంకెత్, మర్బో, కోర్న్, గ్రాంజాఁ అనే నాలుగు జాతులకే ఆ పేరు వాడాలి. చలికాలపు రాత్రులు ఇరుగుపొరుగు ఒక ఇంట్లో చేరి, కథలు చెప్పుకుంటూ, చిన్న కొయ్యసుత్తితో పప్పు విరక్కుండా కాయలు కొట్టేవారు. పప్పును వేయించి గానుగాడిన నూనె పచ్చికూరల మీద చల్లుకుంటే చాలు, వేడిచేస్తే చేదెక్కుతుంది. నీటిచక్రంతో నడిచే పాత గానుగలు కొన్ని చూడటానికి తెరిచి ఉన్నాయి. ఎషూర్న్యాక్ ఊరి మఠం పేరుతో వచ్చే జున్నును అక్రోటు మద్యంలో కడుగుతారు. ముదురు గోధుమరంగు పైపొర, లోపల మెత్తన. సంతలో చిన్నచిన్న బిళ్ళల్లాంటి మేకపాల జున్ను కబెకూ. మొదటిసారి వచ్చినవాళ్ళకు ఈ రెండూ చాలు.

వసంతంలో వేర్ ఊరి చుట్టుపక్కల నుంచి స్ట్రాబెర్రీ వస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉండే గరిగెత్ ముందు, అడవిపండు వాసన వచ్చే మారా దే బ్వా తర్వాత. వానలు పడ్డ శరత్తులో సెప్ అనే లావుకాడ పుట్టగొడుగులు, చెస్ట్‌నట్‌లు. విల్‌ఫ్రాంష్ ద్యు పెరిగోర్ చావడిలో వాటి సంత ప్రసిద్ధం.

శాకాహారులకు ఒక హెచ్చరిక. సార్లా బంగాళాదుంపల వేపుడు చూడ్డానికి వెల్లుల్లి, కొత్తిమీరలాంటి పార్స్‌లీ వేసిన మామూలు వేపుడే, వేయించేది మాత్రం బాతు కొవ్వులో. వెల్లుల్లి చారు తూరేన్‌లోనూ అదే కొవ్వు. ఆ చారు అడుగున కాస్త మిగిల్చి, ఎర్ర ద్రాక్షసారా పోసి, గిన్నె రెండు చేతులా ఎత్తి తాగడాన్ని షాబ్రోల్ అంటారు, పెద్దవాళ్ళు ఇప్పటికీ చేస్తారు.

ఎండాకాలపు రాత్రులు

జూలై, ఆగస్టుల్లో పల్లెలు వారానికొక రాత్రి బజారులో పొడుగు బల్లలు వేసి రాత్రి సంత జరుపుతాయి. చుట్టూ రైతులు వండి అమ్ముతారు. ఊరివాళ్ళు ఇంటి నుంచి కంచాలు, చెంచాలు, గ్లాసులు, బల్ల మీద పరిచే గుడ్డ కూడా బుట్టలో పెట్టుకుని వస్తారు. తెలియక ఉత్తచేతులతో వచ్చిన యాత్రికుడికి పక్క కుటుంబం ఒక చెంచా ఇవ్వడంతోనే మాటలు కలుస్తాయి. కదూయాఁ మఠం ముందర, ఓద్రి ఊళ్ళో జరిగేవి పేరున్నవి. జూలై మొదటి ఆదివారం ఏటా ఒక్కో ఊళ్ళో ఫెలిబ్రే జరుగుతుంది. పెరిగోర్ పాత భాష ఓక్సితాన్ కోసం 1903లో మొదలైన పండుగ ఇది. ఊరంతా నెలల తరబడి కాగితం పూలు చేసి వీధుల మీద పందిళ్ళు కడుతుంది.

ఇవి కాక అటకదులుపు సంతలు. ఇంట్లో పడున్న పాత సామాను వీధిలో పెట్టి అమ్ముకోవడం. వృత్తి వ్యాపారి కాని మనిషి ఏడాదికి రెండుసార్లే, అదీ తను వాడిన వస్తువులే అమ్మాలని నిబంధన. నారబట్ట దుప్పట్లు, అక్రోటు కొట్టే సుత్తులు, ఎనామెల్ కాఫీ కూజాలు అక్కడ దొరుకుతాయి. బేరమాడేది ఇక్కడే.

నది, కోటలు, గుహలు

నది వెంట వచ్చేవన్నీ సంతతో ముడిపడ్డవే. రైలు రాకముందు గబార్ అనే బల్లపరుపు పడవలు ఎగువ నుంచి కొయ్య, బెర్జెరాక్ దగ్గర ద్రాక్షసారా పీపాలు ఎక్కించుకుని బోర్దోకు దిగేవి. లా రోక్ గజాక్ ఆ పడవల రేవు. కొండచరియకు అతుక్కున్న ఆ ఊరి మీద 1957 జనవరిలో చరియ విరిగిపడి ముగ్గురు చనిపోయారు. ఇప్పుడు అవే రకం పడవలు యాత్రికులను తిప్పుతున్నాయి. కొంచెం దిగువన నదికి అటూ ఇటూ బేనాక్, కాస్తెల్‌నో కోటలు ఎదురెదురుగా నిలుస్తాయి. నూరేళ్ళ యుద్ధంలో (1337–1453) అవి చాలాకాలం శత్రుపక్షాలవి. కాస్తెల్‌నోలో మధ్యయుగపు యుద్ధపరికరాల ప్రదర్శనశాల 1985 నుంచి ఉంది. ఆ పక్కనే మిలాంద్ కోట. అమెరికాలో పేద నల్లజాతి కుటుంబంలో పుట్టి పారిస్ రంగస్థలాన్ని ఏలిన జోసెఫీన్ బేకర్ దాన్ని 1947లో కొంది. వేర్వేరు దేశాల పిల్లలను 12 మందిని దత్తత తీసుకుని అక్కడ పెంచింది, అప్పుల్లో పడి 1960ల చివర కోట పోగొట్టుకుంది. 2021 నవంబరు 30న ఫ్రాన్సు ఆమెకు జాతీయ ప్రముఖుల స్మారకమైన పాంథెయోన్‌లో చోటిచ్చింది. మార్కెసాక్ తోటలో గుండ్రంగా కత్తిరించిన బాక్స్ మొక్కలు లక్షా యాభై వేలు.

వేజేర్ ఉపనది లోయ మానవజాతి పాత ఇళ్ళల్లో ఒకటి. 1868లో లేజెజీ ఊళ్ళో క్రోమాన్యోన్ అనే పాతరాతియుగపు మనుషుల ఎముకలు బయటపడ్డాయి. 1940 సెప్టెంబరు 12న మోంతిన్యాక్ దగ్గర మార్సెల్ రవిదా అనే కుర్రాడు, ముగ్గురు స్నేహితులు లాస్కో గుహలోకి దిగారు. 17 వేల ఏళ్ళకు పైబడిన ఎద్దులు, గుర్రాలు, జింకల బొమ్మలు దీపపు వెలుగులో కనిపించాయి. 1948లో జనానికి తెరిచారు. రోజుకు వెయ్యి మందికి పైగా వదిలిన ఊపిరికి గోడల మీద ఆకుపచ్చ పాచి, తెల్ల పొర పట్టాయి. 1963లో మూసేశారు. 1983లో ఒక నమూనా గుహ, 2016 డిసెంబరులో ఊరి అంచున పూర్తి నమూనాతో కొత్త కేంద్రం వచ్చాయి. నకలు చూసి ఏం లాభమని కొందరు వెళ్ళరు. వెళ్ళాలి, అసలును బతికించడానికే ఆ నకలు. అసలు బొమ్మలే చూడాలనుకుంటే ఫోన్ ద గోమ్ గుహ రోజుకు కొద్దిమందికి తెరిచి ఉంటుంది. రూఫిన్యాక్ గుహలో చిన్న కరెంటు రైలెక్కి మామత్ బొమ్మల దగ్గరికి వెళతారు. ఈ లోయ 1979 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది.

ప్రయాణం

బోర్దో నుంచి పెరిగ్యూకు, బెర్జెరాక్ మీదుగా సార్లాకు రైళ్ళున్నాయి. సార్లాతో ఆ లైను ఆగిపోతుంది. పల్లె నుంచి పల్లెకు బస్సులు అరుదు, అద్దెకారు తప్పదు. ఎండాకాలంలో శనివారం సార్లాకు వెళ్ళేవాళ్ళు ఎనిమిదిన్నరలోపు ఊరి బయట కారు పెట్టుకోవాలి. మే, జూన్, సెప్టెంబరు నెలల్లో సంతలూ నిండుగా ఉంటాయి, దారులూ ఖాళీగా ఉంటాయి. జనవరిలో పల్లెల్లో భోజనశాలలు, బసలు చాలామటుకు మూసి ఉంటాయి. త్రూఫ్ సంతకు వెళ్ళేవాళ్ళు పెరిగ్యూలోనో సార్లాలోనో గది తీసుకుని, మంచు కరగకముందే బయలుదేరాలి.